గదికి మూత పెట్టిన వానాకాలం

మా అత్త గొంతెత్తితే మా ఇంట్లో ఒక చేప రెక్కలు ముడుచుకుని గాజు సీసా అడుగుకు పోయేదని చెబితే, మలయ్ దేశంలో మేముండే సుంగై సిపుట్‌లో సగం మంది నమ్ముతారు. మిగతా సగం మందికి మా అత్త తెలుసు, వాళ్లు ఇంకా గట్టిగా నమ్ముతారు. కానీ "ఊపిరి ఆడటం లేదు" అని నేను చెప్పినప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఈ ఊళ్లో నా మాటకు ఉన్న విలువ అలాంటిది. పెంచి చెప్పడం నాకు అలవాటు. నీళ్లు చాలని కూరలో నీళ్లు పోసినట్టు, విషయం కాస్త పొడిగా ఉంటే నేనో రెండు గరిటెలు కలుపుతాను.

ఇప్పుడు బాగానే ఉన్నాను. దేవుడి దయ, డాక్టర్ల దయ, మా అత్త దయ. మూడోదాన్ని రాయడానికి కలం కొంచెం మొరాయించింది కానీ, రాశాను. ఇంట్లో చేపల తొట్టెలు పెట్టుకుని, వానాకాలంలో కిటికీలు బిగించుకుని కూర్చునే వాళ్లు ఈ ఊళ్లో నేనొక్కదాన్నే కాదు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదివి కిటికీ తెరిస్తే చాలు.

నవంబరు

మాకు చలికాలం లేదు. ఏడాది చివర వాన ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సున్నపురాయి కొండల వెనక నుంచి మబ్బు లేచి వచ్చి కూర్చుంటుంది, ఇక లేవదు. మనుషులకు అది కాస్త చల్లదనం. చేపపిల్లలకు అదే చలికాలం.

నేను ఫైటర్ చేపలు పెంచి దుకాణాలకు ఇస్తాను. హాలు వెనక ఉన్న గది నిండా ఇనుప అరలు. అరల మీద సీసాలు, సీసాకు ఒక్క మగ చేప. రెండిటిని కలిపితే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి కాబట్టి విడివిడిగా ఉంచాలి. కింద వరసలో పిల్లల తొట్టెలు. ఫైటర్‌కు నీళ్లలోని గాలి చాలదు. పైకి వచ్చి, మూతితో ఒక గుక్క గాలి మింగి, మళ్లీ కిందికి పోతుంది. పిల్లలు మొదటిసారి అలా పైకి వచ్చే రోజుల్లో నీటిపైన గాలి వెచ్చగా, తడిగా ఉండాలి. చల్లగాలి తగిలితే తెల్లారేసరికి పోతాయి. అందుకని పెంచేవాళ్లు ప్రతి తొట్టెకూ అద్దం మూత వేస్తారు.

నాకు బద్ధకం. అన్ని మూతలు ఎవరు కోయిస్తారు, పొద్దున సాయంత్రం ఎవరు తీసి పెడతారు? గదికే ఒక మూత పెడితే పోలేదా అనుకున్నాను. కిటికీ గాజు పలకలన్నిటికీ ప్లాస్టిక్ కాగితం అంటించి టేపు వేశాను. తలుపు కింద పాత తువ్వాలు కుక్కాను. తొట్టెల్లో హీటర్లు వేశాను. గది వెచ్చగా, బాలింత గదిలా తయారైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

దానికి తోడు ఆకులు. ఇక్కడ కెతపాంగ్ అంటారు, మన బాదం ఆకు. ఎండిన ఆకు నీళ్లలో వేస్తే టీ రంగు దిగుతుంది, చేపల రెక్కలకు పట్టిన తెగులు పోతుంది. ఎండాకాలంలో ఆకులను రేకుల కప్పు మీద ఆరేసేదాన్ని. వానలో ఎక్కడ ఆరేయను? గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి, పెళ్లి పందిట్లో తోరణాల్లా వేలాడదీశాను.

ఇల్లు చెమటలు పట్టడం అప్పుడే మొదలైంది. అద్దంలో మొహం కనిపించాలంటే ముందు అద్దం మొహం తుడవాలి. ఉప్పు డబ్బా వంచితే ఉప్పు ధారగా కారింది. అప్పడం పళ్లెంలోంచి నోటికి చేరేలోపు నడుం వాల్చేది.

మా ఆయన సూరయ్య మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. షెడ్డు నుంచి వచ్చి గోడమీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి నా మొహానికి చూపించాడు. "ఏటే ఇది? ఇడ్లీ గిన్నెలో కాపురమెట్టినట్టుంది."

"మూత తియ్యకు మావా, ఇంకా ఉడకాల," అన్నాను.

నవ్వుకున్నాం. ఆ గది గోడమీద అప్పటికే ఒక నల్లమచ్చ పుట్టింది. కూర్చున్న పిల్లిలా ఉండేది. ఎంత బాగుందో అనుకుని, తుడవకుండా ఉంచేశాను.

డిసెంబరు

మొదట దగ్గు. దగ్గు ఎవరికి లేదు? తరవాత సాయంత్రం పూట ఒళ్లునొప్పులు, చలి, జ్వరం. ఛాతీ మీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టు ఉండేది. తెల్లారేసరికి కొంచెం తేలిక. తేలిక కాబట్టి మళ్లీ చేపల గదిలోకి వెళ్లడం, నీళ్లు మార్చడం, ఆకులు దులపడం. సాయంత్రానికి మళ్లీ పీట.

మా అత్తకు ఈ వేళల లెక్క తొందరగా పట్టుబడింది. "ఓలే, సీకటడి అంట్లు తోమే యేళకే వొస్తాదేటి నీ జొరం? దానికి గెడియారం సూడ్డం కూడా నేర్పినావేటి?"

"అమ్మా, ఊరుకో లా," అనేవాడు మా ఆయన, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి. అనేవాడు కానీ, ఆయన కళ్లలోనూ ఆ ప్రశ్నే ఉండేది. ఆ సంగతి నన్ను జ్వరం కన్నా ఎక్కువ కాల్చింది.

సర్కారు క్లినిక్‌కు వెళ్లాను. నంబరు చీటీ పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే, దగ్గుకు పక్కవాళ్లంతా జరిగిపోయారు. జరగని ఒకే ఒక్క మనిషి, మోకాళ్ల నొప్పులకు వచ్చిన ఒక మలయ్ పెద్దావిడ. సంచిలోంచి గోరువెచ్చని నీళ్ల సీసా తీసి మూత తిప్పి మరీ ఇచ్చింది. నా నంబరు పిలిచినప్పుడు లేవలేకపోతే, తన మోకాళ్ల సంగతి మరిచిపోయి నన్ను లేపింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. అడగడానికి ఊపిరి లేదు.

దగ్గుకు మందు, జ్వరానికి మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు. మళ్లీ వెళ్తే వేరే మాత్రలు ఇచ్చారు, అవీ అంతే. వాళ్లను అనడానికి లేదు. అందరూ "ఇంట్లో పొగ తాగేవాళ్లున్నారా, పెంపుడు జంతువులున్నాయా" అని అడిగారు. కుక్క లేదు, పిల్లి లేదు అని చెప్పాను. చేపను జంతువు అని ఎవరంటారు?

వీధిలో కనిపించిన ప్రతివాళ్లూ ఆవిరి పట్టమన్నారు. సరే అనుకున్నాను. అక్కడే నా బుర్ర రెండోసారి పనిచేసింది. చేపల తెగులు మాన్పే ఆకు మనిషి తెగులు మాన్పదా? తోరణంలోంచి నాలుగు ఆకులు తెంపి, మీద పట్టిన తెల్లటి నూగు దులిపి, గిన్నెలో మరిగించి, దుప్పటి కప్పుకుని, అది కూడా చేపల గదిలోనే, వెచ్చగా ఉంటుందని, కూర్చుని ఆవిరి పట్టాను. ఒక్కసారి కాదు, వారం పాటు. నన్ను నేను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసుకోలేదు.

నన్ను మా ఆయన నమ్మిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పక్కింటావిడకు ఒక సంగతి చెబుతున్నాను. కొనడానికి వచ్చిన ఒకాయన గొప్పలు చెబుతుంటే, మా ఎర్ర ఫైటర్ సీసాలోంచి ఎగిరి ఆయన టీ గ్లాసులో దూకిన సంగతి. చేప గాల్లోకి లేచింది. అక్కడ ఆగిపోయాను. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగిపోయాను. ఇక లాభం లేదని చెయ్యి ఊపి ఊరుకున్నాను.

పెరట్లో చేతుల గ్రీజు కడుక్కుంటున్న మా ఆయన కొళాయి కట్టేసి వచ్చాడు. "తరవాతేటయింది?"

నేను తల అడ్డంగా ఊపాను.

"సేప ఎక్కడ పడినాది? సెప్పు."

చెప్పలేకపోయాను. ఆయన మొహం మారిపోయింది. నేను సంగతి మధ్యలో వదిలెయ్యడం ఇన్నేళ్ల కాపురంలో ఆయన చూడలేదు. తడి చేతులతోనే పక్కింటి కారు తాళంచెవి అడిగాడు.

జనవరి

ఈపో పట్నంలో పెద్దాసుపత్రి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు, ఛాతీకి ఫోటోలు తీశారు. వార్డులో పడుకున్న మూడో రోజుకే నా ఛాతీమీద పీట ఎవరో తీసేశారు. ఇంటికి పంపారు. ఇంటికి వచ్చిన మర్నాడే, నేను లేని రోజుల్లో నా చేపలు ఏమయ్యాయో అని గదిలోకి పరుగెత్తాను. ఆ సాయంత్రమే పీట మళ్లీ వచ్చి కూర్చుంది.

మా అత్త అప్పటికి మాట మార్చింది. నాది నటన కాదని ఆమెకు అర్థమైంది. "ఆసుపత్రిలో బాగుంటాది, గడప తొక్కితే పడిపోతాది. ఇంట్లో ఏదో ఉన్నాది," అని మిరపకాయలతో దిష్టి తీసి కుంపటి నిప్పుల్లో వేసింది. ఆ పొగకు నేను నీలంగా మారిపోయాను. మా ఆయన ఆ కుంపటి ఎత్తి వానలో విసిరేసి, మొదటిసారి తల్లిమీద అరిచాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కూర్చుంది. ముసలామె భుజాలు కదలడం తలుపు సందులోంచి నాకు కనబడింది.

పాపం, ఇంట్లో ఏదో ఉందని ఆమె అన్నది నిజమే.

రెండోసారి ఆసుపత్రి. ఈసారి చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. తలకు లేతరంగు స్కార్ఫ్, కళ్లకింద నిద్రలేమి. అప్పటికి నాకు మళ్లీ కాస్త ఊపిరి అందింది. ఊపిరితోపాటు నాలుక కూడా తిరిగొచ్చింది. పలకరించడానికి మనిషి దొరకక నాలుగు రోజులుగా నాలో మాటలు పులుస్తున్నాయి. "మీ ఇల్లు ఎలా ఉంటుంది?" అని ఆమె మలయ్‌లో అడగడమే తడవు, నేనూ మలయ్‌లోనే అందుకున్నాను.

"మా ఇంటి తడి మాటల్లో చెప్పేది కాదు డాక్టర్. అప్పడం నోటిదాకా రాకుండానే నిద్రపోతుంది. గోడమీద పిల్లి పుట్టింది, నెల తిరిగేసరికి పులి అయింది. మా అత్త దానికి బొట్టుపెట్టి పేరు కూడా పెట్టబోయింది. తోరణాలు కట్టిన ఆకులకు తెల్లగడ్డాలు మొలిచాయి. పొద్దున్నే ఒక్కోదానికి గడ్డం గీయడంతోనే నాకు సరిపోతుంది."

పక్క మంచం ఆమె నవ్వి నవ్వి సెలైన్ గొట్టం ఊడదీసుకునేంత పని చేసింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మంచం అంచున కూర్చుంది.

"గడ్డం ఎలా గీస్తారు?"

"చేత్తో దులుపుతాను."

"పొడి లేస్తుందా?"

"పొగలా లేస్తుంది."

"పులి ఏ రంగు?"

"నలుపు. అంచుల్లో ఆకుపచ్చ."

"అంత తడి ఎక్కడి నుంచి వస్తోంది?"

అప్పుడు చెప్పాను చేపల సంగతి. సీసాలు, తొట్టెలు, హీటర్లు, టేపు వేసిన కిటికీ. ఆకుల ఆవిరి సంగతి కూడా చెప్పాను. ఆ మాట దగ్గర ఆమె కళ్లు మూసుకుంది.

"ఇందులో నిజమెంత?" అని అడిగింది.

"పావు వంతు డాక్టర్."

"పావు వంతు చాలు," అని లేచింది.

ఆ తరవాత ఇంకొన్ని పరీక్షలు చేశారు. చివరికి ఆమె నన్ను, మా ఆయనను కూర్చోబెట్టి చెప్పింది. క్రిములు పట్టిన జబ్బు కాదట. బూజు పొడి రోజూ పీల్చీ పీల్చీ నా ఊపిరితిత్తులు దానిమీద పగబట్టాయట. ఆ గాలికి దూరంగా ఉంటే చల్లబడతాయి. మళ్లీ అదే గాలి తగిలితే రేగుతాయి. అలా రేగుతూ పోతే ఒకరోజు గట్టిపడిపోతాయి, ఇక మెత్తబడవు. "ఆ గది ఖాళీ అయ్యేదాకా ఇంటికి పోవద్దు. ఖాళీ అయ్యాక వెళ్లి చూడండి. అప్పుడు కూడా సాయంత్రం జ్వరం వస్తే, ఆ ఇంట్లో మీరు ఉండకూడదు," అంది.

ఆ ఇల్లు మా ఆయన ఒక్కో ఇటుకా కూడబెట్టి కట్టుకున్నది. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. నా ఊపిరి, మా ఇల్లు, రెండిట్లో ఏదో ఒకటే మిగులుతుందేమో అన్న భయంతో కారిడార్‌లో చాలాసేపు అలాగే కూర్చున్నాం. అటుగా వెళ్తున్న ఊడ్చే ఆవిడ మా ఇద్దరినీ చూసి, మా కాళ్లకింద ఊడ్వకుండా చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది.

ఫిబ్రవరి

సుంగై సుమున్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలకు ఆకలి విపరీతంగా వేసింది, మొహం పూరీలా పొంగింది. మా చెల్లెలు వండుతూనే ఉంది. "అక్కా, నీకెట్టీ ఎట్టీ నా గేసు బండ సన్నబడిపోనాది," అనేది. దగ్గు తగ్గింది, చలి పోయింది. కానీ అక్కడ తగ్గడం పెద్ద విషయం కాదు. మా ఇంట్లో తగ్గాలి.

ఇంటి సంగతులు ఫోన్‌లో మా అమ్మాయి లత చెప్పేది. లత ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మన భాష అర్థమవుతుంది కానీ నోట్లోంచి వచ్చేటప్పటికి సగం తమిళం, సగం మలయ్ అవుతుంది. చేపలన్నిటినీ కాలువలో పారబోస్తానని మా ఆయన సీసాలు ఎత్తాడట. మా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడిందట.

"పాట్టి ఏటి సెప్పినాది తెలుసా?" అని లత నానమ్మ గొంతు పెట్టి వినిపించింది. "'పేణమున్నవి రా! కాలవలో పొయ్యడానికి నీకు సేతులెలాగొస్తాయి? రేపది ఒచ్చి నా సేపలేవంటే ఏటి సెప్పను?' అప్పా షాక్ లా అమ్మా!" అంటే వాళ్ల నాన్న బిత్తరపోయాడని.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చేపలంటే గిట్టని మనిషి.

ఆ నెలంతా వాళ్లు చేసింది ఇదీ. ఇది కాస్త పొడిగానే చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు ముక్కుకు గుడ్డలు కట్టుకుని, ఆకుల తోరణాలు సంచుల్లో మూటకట్టి పారేశారు. కిటికీ టేపు పీకారు. మచ్చపట్టిన పూత గోకేసి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగి, సున్నం వేశారు. గోడ పైభాగాన, తడిగాలిని బయటికి నెట్టే ఫ్యాను పెట్టించారు. సీసాలు, తొట్టెలు మొత్తం వెనక రేకుల పంచలోకి, బయటి గాలిలోకి మారాయి. సగం చేపలను దుకాణాలకు ఇచ్చేశారు. మిగిలిన తొట్టెలన్నిటికీ అద్దం మూతలు వచ్చాయి, నేను బద్ధకించిన ఆ మూతలే. మూత ఉంటే నీళ్లు ఆవిరై పైకి పోవు, పిల్లలకు వెచ్చదనమూ తగ్గదు. గాలిలో తేమ చూపించే చిన్న గడియారం లాంటిది లత కొనుక్కొచ్చి హాల్లో తగిలించింది. అందులో ముల్లు పైకి పోతే ఫ్యాను వేస్తారు, కిటికీ తీస్తారు.

చేపలకు మేత ఎవరు వేస్తున్నారని అడిగాను. ఫోన్ చేతులు మారింది. తరవాత ఫోన్‌లో మా అత్త గొంతు వినబడింది. "నానే ఏస్తన్నాను. ఏటి ఇప్పుడు? ఆ నీలంది పోరంబోకు, నన్ను సూస్తే ఎగురుతాది. నువ్వు తిన్నావా లేదా అది సెప్పు."

"తిన్నాను అత్తా."

"దగ్గినావా?"

"లేదు."

"నిజమేనా?"

"నిజమే అత్తా."

"ఉంటే ఉన్నాదని సెప్పు. నాను నమ్ముతాను," అంది. ఫోన్ పెట్టేసింది.

మార్చి

ఒక మధ్యాహ్నం మా ఆయన పక్కింటి కారులో వచ్చి నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. ఇంట్లో తెరవగలిగినవన్నీ తెరిచి ఉన్నాయి. వెనక గదిలో ఏమీ లేదు, ఒక చాప తప్ప. సున్నం వాసన. గోడ మీద అరచెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. "సూసింది సాలు, బైటకి రా," అని మా అత్త నన్ను హాల్లో కూర్చోబెట్టింది.

ఇక సాయంత్రం రావాలి. జ్వరం వచ్చేది ఆ వేళకే. లత సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఫోన్ చూస్తోంది కానీ వేలు కదలడం లేదు. మా ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో ప్యాంటు, బెల్టు, బూట్లతో కూర్చున్నాడు. పక్కింటి కారు తాళంచెవి పిడికిట్లో ఉంది. ఇంట్లో అడుగుపెట్టిన మరుక్షణం ప్యాంటు విప్పి కైలీ లుంగీ చుట్టుకునే మనిషి ఆయన. పెళ్లిచూపుల్లో కూడా కైలీకోసం వెతికాడని నేను ఊరంతా చెప్పాను. ఆ రోజు మాత్రం మూడు గంటలు ప్యాంటులోనే బిగుసుకుని కూర్చున్నాడు.

వాన మొదలైంది. కిటికీ ఎవరూ మూయలేదు. మా అత్త టీ తెచ్చింది. కప్పు అందించి, "జుట్టారినాదేటి నీకు," అంటూ నా మెడవెనక చెయ్యి పెట్టింది. నేను ఆ రోజు తలస్నానం చెయ్యలేదు. ఆమె చెయ్యి అక్కడే కాసేపు ఉంది, తరవాత నుదుటిమీదికి వచ్చింది, తరవాత ఏమీ జరగనట్టు వంటింట్లోకి వెళ్లింది. ఇంకాసేపటికి మళ్లీ వచ్చి, "పేను కనబడినాది," అని మళ్లీ చెయ్యి పెట్టింది.

నేనూ లోపల నన్ను నేను వింటున్నాను. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. అడుగుదాకా వెళ్తోంది. చలి రాలేదు. పీట రాలేదు. బయట చీకటి పడింది, లత లైటు వేసింది. దేవుడి దగ్గర దీపం పెట్టి మా అత్త నలుగురికీ కంచాలు వేసింది.

"రండి, అన్నానికి," అంది.

మా ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఎలాగున్నాది?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఆకలేస్తన్నాది మావా," అన్నాను.

ఆయన ఇంకో నిమిషం నన్నే చూశాడు. తరవాత గొడుగు తీసుకుని పక్కింటికి వెళ్లి తాళంచెవి ఇచ్చేసి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికి వెళ్లి, కైలీ చుట్టుకుంటూ వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.